ఆమె చేతి ఉండ, నా చేతి టబ్బు

నేను వండిపెట్టింది ఏదీ నా బిడ్డ భూమిక కడుపులో నిలవలేదు. ఆమె అత్తగారు రాజక్క చేసి తెచ్చిన నువ్వుల ఉండ నిలిచింది. పోయిన ఎండాకాలం మా ఇంట్లో జరిగిన కథంతా ఇదే. మిగతాది నా కడుపుమంట.

అప్పుడు భూమికకు మూడో నెల. తొలి నెలల్లో వాంతులు ఎవరికైనా అవుతాయని మేమంతా తేలిగ్గా తీసుకున్నాం. ఈ పిల్లకు అయినవి అలాంటివి కావు. గుక్కెడు నీళ్లు తాగినా పది నిమిషాల్లో బయటికి వచ్చేవి. పక్కింటి పోపు వాసన, సబ్బు వాసన, ఫ్రిజ్ తలుపు తీస్తే వచ్చే వాసన, చివరికి మొగుడి చొక్కా వాసన కూడా పడేది కాదు. నెలన్నరలో ఏడు కిలోలు తగ్గింది. కరీంనగర్‌లో అల్లుడు శ్రావణ్ గ్రానైట్ ఆఫీసుకు పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. ఓ రోజు బాత్రూంలో ఒక్కతే కళ్లు తిరిగి పడిందని తెలిసి, కారు మాట్లాడుకుని పోయి శ్రీరాంపూర్‌కు తెచ్చుకున్నాను. దారిలో పదకొండు సార్లు కారు ఆపాం. డ్రైవరు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ అబ్బాయిని ఇప్పటికీ తలుచుకుంటాను.

మా ఇంట్లో ఆడదిక్కు లేదు. నా భార్య స్వరూప పోయి నాలుగేళ్లు. నేను బొగ్గుబాయి మీద ల్యాంప్ రూంలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. బాయిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకోవడం నా పని. కరీంనగర్‌లో డిగ్రీ చదివి పంతులు కావాలనుకున్నవాణ్ణి, మా బాపు మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన బదులు వచ్చిన ఉద్యోగంలో అలాగే ఉండిపోయాను. వంట మాత్రం స్వరూప పోయాకే నేర్చుకున్నాను. నేర్పింది భూమికే, ఫోన్లో. "బాపూ, మెంతులు ఎర్రగ కావద్దు. కావద్దన్ననా? అయినయా? అయితే పారబోసి మళ్ల పెట్టు" అని నవ్వేది. ఆమె నేర్పిన వంట ఆమెకే పెట్టబోతే, గిన్నె మూత తీయకముందే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పరిగెత్తేది.

నాకు మిగిలింది టబ్బు. నీలం రంగు చిన్న ప్లాస్టిక్ టబ్బు. అది ఓ చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె జుట్టు వెనక్కి పట్టుకునేవాణ్ణి. తరవాత కడిగి, ఎండలో పెట్టి, మళ్లీ మంచం కింద ఉంచేవాణ్ణి. రోజుకు పదిహేను సార్లు, ఇరవై సార్లు.

మంచిర్యాలలో డాక్టర్ అతియా అనే లేడీ డాక్టరు చూసేది. రెండుసార్లు సెలైన్ ఎక్కించింది. వాంతులు తగ్గే గోలీలు రాసింది. "ఇది మామూలు వేవిళ్లు కాదు సాంబయ్య గారూ, ఒంట్లో నీళ్లు తగ్గిపోతే ఇద్దరికీ ప్రమాదం. గోలీ కూడా నిలవకపోతే ఫోన్ చెయ్యండి, అడ్మిట్ చేసుకుని ఇంజెక్షన్లు ఇస్తా" అని చెప్పి పంపింది. గోలీ నిలవలేదు. కానీ నేను ఫోన్ చేసేలోపు రాజక్క దిగింది.

రాజక్కది ఆదిలాబాద్ అవతల, బేల దగ్గర ఊరు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. ఇద్దరు మనుషులు మోసేంత సంచి ఒక్కతే భుజాన వేసుకుని బస్సు దిగి నడిచి వచ్చింది. అల్లుడి తల్లి, వరసకు చెల్లెలు అవుతుంది నాకు. వచ్చీరాగానే వాకిట్లో నుంచే, "ఏందన్నా, పిల్లను గిట్ల పుల్ల లెక్క చేసినవ్?" అంది.

"నేను చేసిననా చెల్లె? పొట్టల ఉన్నోళ్లు చేసిన్రు."

"పొట్టల ఉన్నోళ్లకేం తెలుసు పాపం. జరుగు, నాకు పొయ్యి సూపెట్టు."

ఆ మాటతో వంటిల్లు పోయింది. సాయంత్రానికి పోపు డబ్బాలో జీలకర్ర ఉన్నచోట ఆవాలు, ఆవాలు ఉన్నచోట వాము. స్వరూప ఇరవై ఏళ్లు పెట్టిన వరస అది.  రాత్రి ఆమె పడుకున్నాక లేచి మళ్లీ జీలకర్రను జీలకర్ర చోట పెట్టాను. పొద్దున చూస్తే మళ్లీ ఆవాలున్నాయి. 

సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసింది. అందులో గోలీకాయంత నువ్వుల ఉండలు. బెల్లం కట్టినవి. "బాళా, ఒక్కటి నోట్ల ఏసుకో. నమలకు, కరగనియ్యి" అంది. పిల్లల్ని బాళా అని పిలవడం ఆ ఒడ్డు అలవాటు. భూమిక నోట్లో వేసుకుంది. నేను మంచం కింది నుంచి టబ్బు తీసి పట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలు గడిచాయి. అరగంట గడిచింది. టబ్బుతో నేను అలాగే నిలబడి ఉన్నాను. గంట దాటాక నా బిడ్డ తల తిప్పి, "అత్తా, జర పెరుగన్నం ఉంటదా?" అంది.

నెలన్నర తరవాత తనంతట తాను అడిగిన మొదటి అన్నం అది. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. అవి సంతోషంతో వచ్చాయనే అనుకున్నాను. కానీ పెరుగన్నం కలుపుతున్న రాజక్క చేతి వైపు చూస్తే, ఆ నీళ్లలో వేరే ఏదో కూడా ఉందని తెలిసింది.

పొద్దున ఒక ఉండ, సాయంత్రం ఒక ఉండ. వాంతులు పూర్తిగా ఆగలేదు గానీ, ఇరవై ఉన్నవి నాలుగయ్యాయి. మూడో రోజుకు భూమిక లేచి వాకిట్లో కూర్చుంది. శ్రావణ్ ఫోన్ చేసి తల్లిని మెచ్చుకుంటూ, "మా అవ్వ చేతిల ఏదో ఉన్నది మామా" అన్నాడు. అవును నాయనా అన్నాను. డాక్టరుకు చూపించే తేదీ వస్తే, ఇప్పుడు బాగానే ఉంది కదా, ఎండలో ఎందుకు తిప్పడం అని ముగ్గురం అనుకుని మానేశాం.

మా గోడ పక్కనే అజీముద్దీన్ భాయ్ ఇల్లు. బాయి మీద నాతో పాటే చేసి, నాకన్నా ఏడాది ముందు రిటైరయ్యాడు. గోడ మీదుగా తొంగి చూసి, "క్యా సాంబన్నా, నీ నౌకరీ పోయినట్టున్నదే" అన్నాడు.

"ఏం నౌకరీ?"

"వంట మాస్టర్‌ది. చెల్లె వచ్చి నిన్ను రెండోసారి రిటైర్ చేసింది."

"టబ్బు డ్యూటీ ఉన్నది గదా భాయ్" అన్నాను. నవ్వుతూనే అన్నాను. కానీ ఆ రోజు మధ్యాహ్నం భూమిక ఒక్కసారి కూడా కక్కలేదు. టబ్బు మంచం కింద పొడిగా ఉంది. నా బిడ్డకు వాంతి కాలేదని లోపల ఎక్కడో ఓ మూల నేను చిన్నబుచ్చుకున్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఐనా అది నిజం.

ఈర్ష్యకు వయసుతో పని లేదని అప్పుడే తెలిసింది. పొద్దున కళ్లు తెరవగానే భూమిక మొదట ఎవరిని పిలుస్తుందో వినేవాణ్ణి. "అత్తా" అనేది. మధ్యాహ్నం రాజక్క ఒళ్లో తల పెట్టుకుని పడుకునేది. ఇద్దరూ ఏదో గుసగుసగా మాట్లాడుకుని నవ్వుకునేవారు. నేను గదిలోకి వస్తే ఆపేసేవారు. చల్లని పచ్చిపులుసు చేశాను, స్వరూప చేసినట్టే, పోపు కూడా వేయకుండా. వాసన రాదు, చల్లగా ఉంటుంది, నిలుస్తుందనుకున్నాను. భూమిక పాపం రెండు చెంచాలు తాగింది. నా ముఖం చూసి మూడోది కూడా తాగింది. ఆ మూడూ టబ్బులో పడ్డాయి.

"నీ చేతిది కాదన్నా, పులుపు పడలే అంతే" అంది రాజక్క. ఆమె ఓదారుస్తుంటే నాకు ఇంకా మండింది.

తొమ్మిదో రోజు పొద్దున ఆమె భూమికకు ఉండ పెట్టి, కోడలి పేరు మీద కొబ్బరికాయ కొట్టి వస్తానని గుడికి పోయింది. భూమిక కునుకు తీస్తోంది. నేను వంటింట్లోకి పోయి స్టీలు డబ్బా తీశాను. నువ్వుల ఉండ చేయడం నాకూ వచ్చు. ఇందులో ఏమేసిందో తెలిస్తే నేనూ చేసి పెడతాను కదా అనుకున్నాను. ఉండల కింద, మడత పెట్టిన పాలిథిన్ కవరులో పొడి ఉంది. ఆకుపచ్చగా, కాస్త గోధుమ రంగులో. మునగాకు పొడో, మరో ఆకు పొడో అనుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

గుర్తుపట్టలేదని ఆ తరవాత చాలా మందికి చెప్పాను. అది సగమే నిజం. బాయిలోకి దిగేవాళ్ల జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టెలు తీసేసుకునే చోటే నా కిటికీ ఉండేది. కొందరి బట్టలకు బీడీ వాసన కాకుండా ఇంకో వాసన వచ్చేది. "ఇయ్యాల దిగకు, ఇంటికి పో" అని వాళ్లకు ల్యాంపు ఇచ్చేవాణ్ణి కాదు. ముప్పై రెండేళ్లు ఆ వాసనను వెనక్కి పంపిన ముక్కు ఇది. ఆ వేళ ఆ ముక్కు ఏదో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు. అది ఫలానాది అని ఒప్పుకుంటే నా బిడ్డకు నేను పెట్టడానికి ఏమీ మిగలదు కదా.

మక్కజొన్న రవ్వ జావ పొయ్యి మీద ఉంది. ఆ పొడి ఒక చెంచా నిండుగా తీసి అందులో కలిపాను. మజ్జిగ పోసి చల్లార్చి, స్వరూప వాడిన ఇత్తడి గ్లాసులో పోశాను. భూమికను లేపి ఇచ్చాను.

"ఏందిది బాపూ? ఆకు వాసనొస్తుంది."

"పుదీనా వేసిన. జర తాగి సూడు బిడ్డా."

తాగింది. గ్లాసంతా తాగింది. నేను టబ్బు పట్టుకుని కూర్చున్నాను. పావుగంట, అరగంట. ఏమీ కాలేదు. భూమిక నా వైపు చూసి, "బాపూ, నీ జావ నిలిచింది" అంది. ఆశ్చర్యంగా అంది, చిన్నప్పుడు సైకిలు వెనక నేను చెయ్యి వదిలేశానని తెలిసినప్పుడు అన్నట్టు. నేను టబ్బు కింద పెట్టి, గోడ దగ్గరికి పోయి అజీముద్దీన్ భాయ్‌ను కేకేసి మరీ చెప్పాను. గుడి నుంచి వచ్చిన రాజక్కతో కూడా అన్నాను, "చెల్లె, గ్లాసెడు జావ తాగింది. నా చేతిదే."

"మంచిగైంది అన్నా" అంది ఆమె. నిజంగానే సంతోషపడింది. అది కూడా నాకు నచ్చలేదు. ఆమె కాస్త కుళ్లుకోవాలని నా కోరిక.

ఇంకో అరగంటకు భూమిక కారణం లేకుండా నవ్వడం మొదలుపెట్టింది. తరవాత నాలుక తడి ఆరిపోతోందని నీళ్లడిగింది. తరవాత నవ్వు ఆగిపోయింది. మంచం పట్టె గట్టిగా పట్టుకుని, "బాపూ, గోడ దూరం పోతుంది. గుండె చూడు, గుండె ఉరుకుతుంది" అంది. చెయ్యి పెట్టి చూశాను. కుట్టుమిషన్ లాగా కొట్టుకుంటోంది. లేవబోయి కూలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ వెంటనే వాంతులు, టబ్బు దాటి, మంచం మీద, నేల మీద.

రాజక్క ముఖం తెల్లబోయింది. స్టీలు డబ్బా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. నేనూ అటే చూసి, చూపు తిప్పుకున్నాను. 

అజీముద్దీన్ భాయ్ అడగకముందే తన పాత వ్యాను తీసి వాకిట్లో పెట్టాడు. మంచిర్యాల దారిలో రైలు గేటు పడలేదు. ఆ రోజుకు అది చాలనుకున్నాను.

డాక్టర్ అతియా నాడి చూసింది, బీపీ చూసింది, కంట్లోకి లైటు వేసింది. సెలైన్ పెట్టించి మా ఇద్దర్నీ పక్క గదిలోకి పిలిచింది.

"పొద్దున నుంచి ఏం తిన్నది?"

"ఉండ" అంది రాజక్క.

"జావ" అన్నాను నేను.

"ఏం గోలీలు వేసుకుంది?"

"ఏం లేవు మేడం."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "చూడండి, నేను పోలీసును కాదు. ఎవరినీ తిట్టడానికి పిలవలే. ఆ పిల్ల కళ్లు, గుండె చూస్తే నాకు ఒక అనుమానం ఉంది. ఏది, ఎంత, ఎన్ని గంటలకు లోపలికి పోయిందో తెలిస్తేనే నేను వైద్యం చేయగలను. తెల్వకపోతే చీకట్ల చెయ్యి పెట్టినట్టే. లోపల బిడ్డ కూడా ఉన్నది."

రాజక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అది తీసి, "గాంజా ఆకమ్మా" అంది. "ఉండల పెట్టిన. శెనగ్గింజంత, అంతే. తొమ్మిది రోజులైతుంది, ఏం కాలే. నాకు మొదటి కాన్పు గిట్లనే వాంతులై, ఆరో నెల్ల పోయింది. బేల నుంచి బండి కట్టుకొని ఆదిలాబాద్ దవాఖానకు పోయేసరికే పోయింది. రెండోసారి మా అత్త అవతలి ఒడ్డు నుంచి గీ ఆకు తెచ్చి పెట్టింది. శ్రావణ్ గట్లనే బతికిండమ్మా. నాకు తెలిసింది గదే. నా కోడలికి నా లెక్క కావద్దని తెచ్చిన."

"శెనగ్గింజంత అయితే ఇంత కావద్దు" అంది డాక్టరు. "ఇయ్యాల ఎక్కువ పెట్టినవా అమ్మా?"

"లేదమ్మా. నా కొడుకు మీద ఒట్టు." అని రాజక్క తన చేతుల వైపు చూసుకుంది. "ఏమో. పెట్టిననేమో. చెయ్యి జారిందేమో. నా చేతులతోనే చేసిన గదా, నేనే చేసిన."

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే చాలు. అంతా ఆమె మీదికి పోతుంది. ఆమె సంచి సర్దుకుని బేల బస్సెక్కుతుంది. జీలకర్ర జీలకర్ర చోటికి వస్తుంది. భూమిక పొద్దున్నే "బాపూ" అని పిలుస్తుంది. ఇదంతా నాకు ఆ కుర్చీలో కూర్చుని స్పష్టంగా కనబడింది.  డాక్టరు గోడ గడియారం వైపు చూసింది. అది చూసి నాకు ల్యాంప్ రూం గుర్తుకొచ్చింది. షిఫ్టు అయ్యాక ఒక ల్యాంపు తిరిగి రాకపోతే, ఒక మనిషి ఇంకా కింద ఉన్నట్టు. అది చూసి కూడా చెప్పకుండా ఇంటికి పోయినవాణ్ణి కాదు నేను, ఒక్కనాడు కూడా.

"నేను కలిపిన మేడం" అన్నాను. "పదిన్నరకు. ఒక చెంచా. నిండు చెంచా. ఆమె డబ్బాలదే తీసి జావల కలిపిన. ఆమెకు తెల్వదు."

రాజక్క నా వైపు తిరిగింది. "నువ్వా అన్నా?"

"నేనే చెల్లె."

"ఎందుకు?"

 ఆ మాట నోట్లో ఉండగానే ఆమెకు అర్థమైంది. ఆమె ముఖంలో మొదట కోపం వచ్చింది, తరవాత ఏదో జాలి లాంటిది వచ్చింది. కోపమే ఉంచుకుంటే బాగుండేది.

డాక్టరు లేచి నర్సుకు ఏవో చెప్పి వచ్చి, నెమ్మదిగా చెప్పింది. ఆ ఆకు కొందరికి వికారం తగ్గించే మాట నిజమే. కానీ తల్లి రక్తంలో ఉన్నది బిడ్డకూ పోతుంది. బిడ్డ బరువు తగ్గుతుందని, ముందే పుట్టే ప్రమాదం ఉందని ఇప్పటికి చూసినవాటిలో తేలింది. ఇంకా తెలియనివి చాలా ఉన్నాయి. చాలా రోజులు వాడితే ఆ ఆకే వాంతులు తెప్పించడం కూడా ఉంది. "అమ్మా, నీ కొడుకు మంచిగ పుట్టిండు, సంతోషం. గట్లనే అందరికీ అయితదని ఎవ్వరం చెప్పలేం" అంది రాజక్కతో. తరవాత మా ఇద్దర్నీ స్కానింగ్ గదిలోకి రమ్మంది. తెర మీద చిన్న మచ్చ టకటకా కొట్టుకుంటోంది. "ఇదే గుండె. ఇప్పటికైతే మంచిగున్నది" అంది. రాజక్క, నేను ఒకేసారి ఊపిరి వదిలాం.

సాయంత్రానికి శ్రావణ్ కరీంనగర్ నుంచి వచ్చాడు. "అవ్వా, గీది కేసయితది తెలుసా నీకు?" అని తల్లి మీద అరిచి, "మామా, చదువుకున్నోడివి, నువ్వైనా..." అని నా మీద సగం అరిచి ఆగిపోయాడు. ఆ మిగిలిన సగం మాట నేనే నాకు చెప్పుకున్నాను. అతను మా ఇంటికి పోయి, డబ్బాలో ఉన్నదంతా ఆనవాలు లేకుండా పారబోసి, డబ్బాను మూడుసార్లు తోమి వచ్చాడు.

మర్నాడు పొద్దున భూమిక తేరుకుంది. ముఖం పీక్కుపోయి ఉంది కానీ చూపు మామూలుగా ఉంది. వాంతులు మళ్లీ మొదలయ్యాయి. సెలైన్‌లోంచి ఇంజెక్షన్లు, విటమిన్లు పోతున్నాయి. డాక్టరు మంచం పక్కన కూర్చుని, జరిగింది దాచకుండా చెప్పింది.

"ఉండల ఏమున్నదో నాకు తెలుసు మేడం" అంది భూమిక.

గదిలో ఉన్నవాళ్లం ఉలిక్కిపడ్డాం, రాజక్క తప్ప.

"మూడో రోజే అత్తనడిగిన, చెప్పింది. ఫోన్ల చూసిన. మంచిది కాదనే ఉన్నది. కానీ నెలన్నర నుంచి నా ఉమ్మి కూడా నేను మింగలే మేడం. ఒక్క పూట మనిషి లెక్క ఉందామనిపించింది. బిడ్డకు ఏమన్నయితదేమోనని తినేటప్పుడల్లా ఏడ్చిన. తిన్న."

డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుంది. "గోలీ నిలవట్లేదని ఒక్క ఫోన్ చేస్తే వేరే మందు ఇచ్చేదాన్ని కదా. నీ తప్పు కాదు. నువ్వు రాకపోతే నేనైనా అడగాల్సింది. ఇగ నుంచి నీకేది నిలిచిందో, ఏది నిలవలేదో రోజూ నాకు చెప్పు. ఉప్పు బిస్కెట్, ఐసు ముక్క, ఏదైనా సరే. కలిసి చూద్దాం."

డాక్టరు పోయింది. శ్రావణ్ మందులకు పోయాడు. ఆ గుసగుసలు, నేను రాగానే ఆగిపోయిన నవ్వులు, అవన్నీ ఇదా అని నేను ఆలోచిస్తున్నాను. ఆ పరిస్థితిలో కూడా నాకు గుచ్చుకున్నది ఆకు కాదు. ఇద్దరికీ తెలిసినది నాకు తెలియకపోవడం.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే బందు చేపిస్తవని." భూమిక నా వైపు తిరిగింది. "నువ్వెందుకు కలిపినవ్ బాపూ? నీకు తెల్వదు గదా అదేందో. తెలుసా?"

రాజక్క కిటికీ వైపు తిరిగి, బయట ఏదో చూస్తున్నట్టు నిలబడింది. ఆమె చేసిన ఉపకారం అది.

"వాసన జర తెలిసింది. తెల్వనట్టే ఉన్న" అన్నాను. "నా చేతిది కూడా ఒక్కసారి నిలుస్తదేమోనని."

భూమిక నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాల్సిన పనే చేశాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే పెదవులు వంకర్లు పోయాయి. "పుదీనా అన్నవ్" అంది. "పుదీనా ఏసిన అన్నవ్ బాపూ. నీకు అబద్ధం కూడా మంచిగ వండరాదు." అని నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే వికారం వచ్చింది.

నేను టబ్బు అందుకున్నాను. మా నీలం టబ్బే, వ్యానులో నా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. రాజక్క కిటికీ దగ్గరి నుంచి ఒక్క అంగలో వచ్చి, "ఇటియ్యన్నా" అంది.

"నేను పట్టుకుంట చెల్లె."

"నిన్నటి సంది నువ్వే పట్టుకున్నవ్. ఒక్క కునుకు తియ్యలే. ఇయ్యి."

"నాకు నిద్ర రాలే."

"అన్నా, అన్నం పెట్టుడు నాది బందైంది. గిదన్నా ఇయ్యవా?"

నేను ఆమె వైపు చూశాను. తొమ్మిది రోజులు నన్ను తినేసిన కుళ్లే ఇప్పుడు ఆమె ముఖంలో ఉంది. నేను కోరుకున్నదే. కానీ దాన్ని చూసి సంతోషపడే ఓపిక నాలో లేకపోయింది.

"కొట్లాడకుండ్రి" అంది భూమిక, వాంతికి వాంతికి మధ్య. "ఎవరన్నా ఒకరు పట్టుకోండ్రి."

టబ్బు వదిలేశాను. ఖాళీ అయిన చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. ఒక చేత్తో జుట్టు వెనక్కి పట్టుకున్నాను, ఎప్పట్లాగే. రెండో చెయ్యి ఇన్ని రోజులు టబ్బుకే సరిపోయింది. దాన్ని ఆమె నుదుటి కింద పెట్టాను. స్వరూప ఇలాగే పట్టేది, చిన్నప్పుడు జ్వరం వస్తే. భూమిక కళ్లు మూసుకుని, తల బరువంతా నా అరచేతిలో వదిలేసింది. చెమటతో తడిగా, కాస్త చల్లగా ఉంది.

టబ్బు పట్టుకున్న రాజక్క తల పైకెత్తి నా అరచేతి వైపు చూసింది. చూడనీ అనుకున్నాను.